నయాగరా వెళ్తూ దారిలో ఏ పార్కులో ఆగాలి? అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లేవారికి ఒక పోలిక

న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాళ్ల ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే నయాగరా ప్రయాణం ఖాయం. ఎడిసన్ వైపు నుంచి దాదాపు 400 మైళ్లు, ఆగకుండా వెళ్లినా ఏడు గంటలు. అంతసేపు పెద్దవాళ్లను కారులో కూర్చోబెట్టలేం కాబట్టి మధ్యలో ఎక్కడో ఆగాలి. ఎక్కడ ఆగాలని ఎవరిని అడిగినా చెప్పే పేరు ఒకటే: న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ పార్కు.

వాట్కిన్స్ గ్లెన్ గొప్ప చోటు, అందులో సందేహం లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని, స్ట్రోలర్‌లో పాపను తీసుకుని అక్కడికి వెళ్లి, మొదటి సొరంగం దాటగానే సగం మంది వెనక్కి తిరిగి కారు దగ్గర కూర్చున్న కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ఆ చుట్టుపక్కలే, న్యూయార్క్ రాష్ట్రం నడిపే స్టేట్ పార్కుల్లో, అంతే అందమైన పొట్టి ట్రయిల్స్ ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మెట్లే ఎక్కక్కర్లేదు. ఫలానా పార్కు ఫేమస్ కదా అని వెళ్లకుండా, కారులో ఎవరెవరు ఉన్నారో చూసుకుని పార్కును ఎంచుకోవాలన్నదే నేను చెప్పదలుచుకున్నది.

ముందు చూసుకోవాల్సినవి

ట్రయిల్ గురించి చదివేటప్పుడు మన కళ్లు మొదట మైళ్ల మీదికి పోతాయి. మైలున్నరే కదా, నడిచేస్తాం అనుకుంటాం. ఈ ప్రాంతంలో మైళ్లను బట్టి మీకు తెలిసేది చాలా తక్కువ. ఇవి మంచు యుగం తర్వాత వాగులు రాతి పొరలను కోసుకుంటూ దిగిన ఇరుకు లోయలు. ఇక్కడ వాటిని గోర్జ్ అంటారు. గోర్జ్‌లో నడక అంటే దాదాపు ఎప్పుడూ మెట్లే. అందుకే మొదటి ప్రశ్న ఎన్ని మెట్లు అన్నది.

రెండోది, మధ్యలో వెనక్కి తిరగొచ్చా అన్నది. కారు దగ్గర నుంచి ఎంత దూరంలో మొదటి మంచి దృశ్యం కనిపిస్తుంది? ఒకరు అలసిపోతే అక్కడికక్కడే ఆగి, చూసింది చాలు అనుకునేలా ఉందా, లేక చివరిదాకా వెళ్తేనే ఏమైనా కనిపిస్తుందా? పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఇది మెట్ల సంఖ్యంత ముఖ్యం.

మూడోది కాలం. వాగుల మీది జలపాతాలు మే, జూన్‌లో నిండుగా ఉంటాయి. ఆగస్టు చివరికి కొన్ని సన్నని ధారగా మారతాయి. నది మీది జలపాతానికి ఆ ఇబ్బంది తక్కువ. చలికాలంలో మంచు గడ్డకట్టి రాళ్లు జారిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి చాలా గోర్జ్ ట్రయిల్స్ మూసేస్తారు. వాతావరణాన్ని బట్టి సాధారణంగా మే మధ్యలో తెరిచి నవంబర్ మొదట్లో మూస్తారు. భారీ వాన పడ్డాక కూడా ఒక్కోసారి మూస్తారు, కాబట్టి బయల్దేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూడాలి.

ఇక నాలుగోది, నయాగరా దారికి ఎంత పక్కకు వెళ్లాలి అన్నది. దీని గురించి అందరూ ఎక్కువ ఆలోచిస్తారు గానీ, నిజానికి ఈ పార్కుల మధ్య తేడా గంటకు మించి ఉండదు.

| పార్కు | ముఖ్యమైన నడక | మెట్లు | నీళ్లు తగ్గే కాలంలో | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| వాట్కిన్స్ గ్లెన్ | ఒకవైపు సుమారు మైలున్నర | 832 | లోయ అందం తగ్గదు | మెట్లెక్కగలిగినవారికి, పెద్ద పిల్లలకు |
| టగానక్ | ఒకవైపు ముప్పావు మైలు | దాదాపు లేవు | జలపాతం సన్నబడుతుంది | తాతయ్య నుంచి మనవడి దాకా అందరికీ |
| రాబర్ట్ ట్రీమన్ | చుట్టు తిరిగితే సుమారు మైలున్నర | చాలా, ఒక్కచోటే 222 | కొంత తగ్గుతుంది | నడక ఇష్టమైనవారికి, ఈత కోరుకునేవారికి |
| బటర్‌మిల్క్ | ఒకవైపు ముప్పావు మైలు, నిటారు | చాలా | తగ్గుతుంది | దారిలో అరగంట ఆగేవారికి |
| లెచ్‌వర్త్ | మీరు కోరుకున్నంత | కోరుకుంటేనే | పెద్దగా తేడా ఉండదు | నడవలేనివారికి, పెద్ద గుంపుకి |

వాట్కిన్స్ గ్లెన్: అందం ఎక్కువ, శ్రమా ఎక్కువే

సెనెకా సరస్సు దక్షిణ కొసన ఉన్న చిన్న ఊరు వాట్కిన్స్ గ్లెన్. పార్కు ముఖద్వారం ఆ ఊరి ప్రధాన వీధిలోనే ఉంటుంది. కారు పెట్టి నాలుగడుగులు వేస్తే లోయ నోట్లో ఉంటారు. ఊరి మధ్యలో నుంచి ఇలాంటి లోయలోకి అడుగుపెట్టడమే ఒక ఆశ్చర్యం. రెండు పక్కలా పొరలు పొరలుగా కోసినట్టున్న రాయి, కింద సుడులు తిరిగే నీళ్లు, వాటి పక్కనే రాతిని తొలిచి వేసిన బాట. మొత్తం 19 జలపాతాలు. వాటిలో కేవర్న్ కాస్కేడ్, రెయిన్‌బో ఫాల్స్ అనే రెండింటి వెనక నుంచి నడిచి వెళ్లొచ్చు. జలపాతం మన ముందు పరదాలా జారుతుంటే దాని వెనక నిలబడడం ఎవరికైనా గుర్తుండిపోతుంది.

ఈ పార్కును 1863లో ఒక ప్రైవేటు పర్యాటక కేంద్రంగా తెరిచారు, 1906లో రాష్ట్రం కొన్నది. 1935 వరదలో పాత బాటలు, వంతెనలు కొట్టుకుపోయాక, అప్పటి నిరుద్యోగ యువకులతో ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ వాళ్లు ఇప్పుడు మనం చూసే రాతి బాటలను కట్టారు. ఆ రాతిపని లోయలో భాగంలా కలిసిపోయింది. ఒక్క నిమిషం ఆగి దాన్ని కూడా చూడండి.

ఇక మెట్ల సంగతి. 832 అనగానే మనవాళ్లు ‘అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి తిరుమల వెళ్లాం, ఇదెంత’ అంటారు. ఆ ధైర్యం మంచిదే, కానీ అలిపిరి దారిలో పైన కప్పు ఉంటుంది, అడుగు కింద పొడిగా ఉంటుంది, పక్కన కూర్చోవడానికి చోటుంటుంది. ఇక్కడ మెట్లు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, చాలాచోట్ల తడి, కొన్నిచోట్ల బాట ఇరుకు, ఎదురుగా వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. శనివారం మధ్యాహ్నం అయితే వెనకవాళ్లు ఎదురుచూస్తున్నారన్న తొందర వేరే. కష్టం కాళ్లదే కాదు, జారతామేమోనన్న భయానిది కూడా.

ఇక్కడ మూడు రకాలుగా నడవొచ్చు. మొదటిది, కింద నుంచి పైకి పూర్తిగా. చివర్లో జేకబ్స్ ల్యాడర్ అని 180 మెట్ల వరస ఉంటుంది, అక్కడ ఊపిరి ఆడదు. రెండోది, పై ద్వారం దగ్గర అందరినీ దించి, డ్రైవ్ చేసేవాళ్లు కారు తీసుకుని కిందికి వచ్చి, కింద నుంచి ఎదురు నడిచి కలుసుకోవడం. ఆయాసం ఉన్నవాళ్లకు ఇది నయం. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం కాదు. మెట్లు దిగడం ఎక్కడం కంటే మోకాలికి ఎక్కువ భారం, పైగా తడి మెట్లు. మూడోది నా ఓటు పొందేది: కింది ద్వారం నుంచి బయల్దేరి రెయిన్‌బో ఫాల్స్ దాటి, మైల్ పాయింట్ బ్రిడ్జి దాకా వెళ్లి వెనక్కి తిరగడం. ఈ పార్కులో చూడాల్సిన మంచిదంతా దాదాపు ఈ సగంలోనే ఉంది. తిరిగి రావడానికి అదే బాట కాకుండా, లోయ అంచున చెట్ల మధ్య సాగే ఇండియన్ ట్రయిల్ పట్టుకుంటే జనం తగ్గుతారు. దారిలో వేలాడే వంతెన కూడా వస్తుంది.

స్ట్రోలర్ ఇక్కడ అసలు పనికిరాదు. పాపను ఎత్తుకోవాలంటే ముందు వైపు కట్టుకునే క్యారియర్ కంటే వీపు మీద పెట్టుకునేది మేలు, అడుగు ఎక్కడ వేస్తున్నామో కనిపిస్తుంది. కుక్కలను గోర్జ్ ట్రయిల్ మీదికి రానివ్వరు. ఇంకో మాట, ఈ ఊళ్లో కారు రేసుల ట్రాక్ ఉంది. పెద్ద రేసులు జరిగే వారాంతాల్లో హోటల్ గది దొరకడం కష్టం, దొరికినా ధర చూసి కళ్లు తిరుగుతాయి. ట్రిప్ తేదీలు ఖరారు చేసుకునే ముందు ఆ క్యాలెండర్ చూడండి.

టగానక్: అమ్మానాన్నలతో అయితే నేను ముందు చెప్పే పేరు

వాట్కిన్స్ గ్లెన్‌కు దగ్గర్లోనే ఉన్న ఇథాకా అనే ఊరి నుంచి కయూగా సరస్సు పడమటి ఒడ్డు వెంట ఉత్తరంగా వెళ్తే టగానక్ ఫాల్స్ స్టేట్ పార్కు వస్తుంది. జలపాతం ఎత్తు 215 అడుగులు, నయాగరా కంటే 33 అడుగులు ఎక్కువ. నీళ్ల పరిమాణంలో నయాగరాతో పోలికే లేదనుకోండి, కానీ ఒకే ఒక్క దూకుడులో అంత ఎత్తు నుంచి పడే ధారను కింద నుంచి చూస్తే మెడ నొప్పి పుట్టినా కళ్లు తిప్పుకోలేం.

దీని గొప్పతనం ఏమిటంటే, ఆ జలపాతం దగ్గరికి వెళ్లే దారి చదునుగా ఉంటుంది. ముప్పావు మైలు వెళ్లడం, ముప్పావు మైలు రావడం. వెడల్పైన మట్టి, కంకర బాట, వాగు పక్కనే నడక, రెండు వైపులా గోడల్లా లేచిన కొండలు. వాటి ఎత్తు ముందుకు వెళ్లేకొద్దీ పెరిగి చివర్లో 400 అడుగుల దాకా చేరుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కర్ర పట్టుకుని మెల్లగా నడవొచ్చు. చక్రాలు కాస్త పెద్దవైతే స్ట్రోలర్ కూడా వెళ్తుంది. చలికాలంలో మిగతా గోర్జ్‌లు మూసేసినా ఈ బాట సాధారణంగా తెరిచే ఉంటుంది.

అస్సలు నడవలేనివాళ్లు ఉంటే ఇంకా తేలిక. కొండ మీది రోడ్డు పక్కన ఫాల్స్ ఓవర్‌లుక్ ఉంది. కారు దిగి కొద్ది అడుగులు వేస్తే మొత్తం జలపాతం ఎదురుగా కనిపిస్తుంది. మా సలహా ఏమిటంటే ముందు అందరూ పైనుంచి చూసి, తర్వాత నడవగలిగేవాళ్లు కింది బాట పట్టాలి. మిగతావాళ్లు రోడ్డు అవతల సరస్సు ఒడ్డున పిక్నిక్ బల్లల దగ్గర కూర్చుని పులిహోర, పెరుగన్నం బయటికి తీసి ఉంచుతారు. గంటలోపు అందరూ మళ్లీ ఒకచోట కలుస్తారు. ఎవరికీ వెలితి ఉండదు, ఎవరికోసం ఎవరూ ఆగరు.

లోటు ఏమిటంటే, ఆగస్టు, సెప్టెంబర్‌లో వానల్లేకపోతే ధార బాగా సన్నబడుతుంది. అప్పుడు లోయ అందంగానే ఉంటుంది గానీ, పక్కవాళ్ల ఫొటోల్లో చూసిన జలపాతం మాత్రం కనిపించదు. ఇంకోటి, చివర్లో కంచె దాటి జలపాతం కిందికి వెళ్లాలని కుర్రాళ్లు ఉబలాటపడతారు. పైనుంచి రాళ్లు రాలే చోటది, ఆపండి. ఈత కావాలంటే సరస్సు ఒడ్డున బీచ్ ఉంది.

రాబర్ట్ ట్రీమన్: నడక కోసమే వచ్చేవారికి

ఇథాకాకు దక్షిణాన ఉన్న ఈ పార్కు పేరు నయాగరా వెళ్లే మనవాళ్ల నోట పెద్దగా వినపడదు. అందువల్లేనేమో, వాట్కిన్స్‌లో శనివారం తొక్కిసలాట ఉన్నప్పుడు కూడా ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పై ద్వారం దగ్గర పాత పిండి మర ఉంది. అక్కడ కారు పెట్టి గోర్జ్ ట్రయిల్ పట్టుకుంటే దాదాపు అర మైలులో 115 అడుగుల లూసిఫర్ ఫాల్స్ వస్తుంది. లోయ అంచున రాతి మెట్లు మలుపులు తిరుగుతూ ఆ జలపాతం పక్కగా దిగుతాయి. వాట్కిన్స్ గ్లెన్ రాతిపనిని ఇష్టపడ్డవారికి ఇది ఇంకా నచ్చుతుందని నా నమ్మకం.

కిందికి దిగాక వంతెన దాటి క్లిఫ్ స్టెయిర్‌కేస్ ఎక్కితే 222 మెట్లు. ఎక్కాక లోయ అంచు వెంట సాగే రిమ్ ట్రయిల్ మీదుగా కారు దగ్గరికి వస్తారు. కాబట్టి ఇది పెద్దవాళ్లకు కాదు. టీనేజ్ పిల్లలతో వెళ్తున్న వాళ్లకు మాత్రం ఇది వాట్కిన్స్ కంటే మేలైన ఎంపిక. వాళ్లకు నడక తర్వాత బహుమతి కూడా ఉంది. పార్కు కింది ద్వారం దగ్గర జలపాతం కిందే ఈత కొలను ఉంది, వేసవిలో లైఫ్‌గార్డులు ఉండే వేళల్లో దిగనిస్తారు. నీళ్లు జూలైలో కూడా చల్లగా ఉంటాయి.

బటర్‌మిల్క్: అరగంట చాలు

ఇథాకా ఊరి అంచునే ఉంది. పార్కింగ్ నుంచే జలపాతం కనిపిస్తుంది. కారు దిగి, ఫొటో తీసుకుని, టీ ఫ్లాస్క్ తెరిచి, మళ్లీ బయల్దేరొచ్చు. పక్కనే పైకెళ్లే గోర్జ్ ట్రయిల్ ముప్పావు మైలే అయినా మొదటినుంచీ నిటారుగా ఎక్కుతుంది. టగానక్ చూసిన రోజు దీన్ని అదనంగా కలుపుకోండి, దీని కోసమే మాత్రం రాకండి.

లెచ్‌వర్త్: పెద్ద గుంపుతో వెళ్తే

రెండు కుటుంబాలు కలిసి, రెండు కార్లలో, నాలుగు తరాలతో బయల్దేరారా? లెచ్‌వర్త్‌కు వెళ్లండి. ఇది మిగతావాటిలా ఇరుకు లోయ కాదు. జెనసీ నది 17 మైళ్ల పొడవున కోసిన పెద్ద లోయ, కొన్నిచోట్ల గోడలు 550 అడుగుల ఎత్తు. తూర్పు ప్రాంతపు గ్రాండ్ కేన్యన్ అని పిలుస్తారు. విలియం ప్రయర్ లెచ్‌వర్త్ అనే బఫలో వ్యాపారి తన ఎస్టేట్‌ను 1906లో న్యూయార్క్ రాష్ట్రానికి ఇచ్చేశాడు, అదే ఈ పార్కుకు పునాది. అంతకుముందు ఈ నేల సెనెకా అనే అమెరికా ఆదివాసీ తెగవారిది. పార్కు లోపల వాళ్ల పాత సభామందిరం, వాళ్లలో ఒకరిగా బతికిన మేరీ జెమిసన్ సమాధి ఉన్నాయి. జలపాతాల హడావుడిలో చాలామంది వాటిని చూడకుండానే వెళ్లిపోతారు. పది నిమిషాలు కేటాయించండి.

లోయ అంచు వెంటే కారు రోడ్డు ఉండటం ఈ పార్కు ప్రత్యేకత. ఇన్‌స్పిరేషన్ పాయింట్ దగ్గర ఆగితే ఎగువ, మధ్య జలపాతాలు, వాటి పైన రైలు వంతెన అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. 107 అడుగుల మిడిల్ ఫాల్స్‌కు పార్కింగ్ నుంచి కొద్ది నిమిషాల నడక. గాలి ఇటు తిరిగితే తుంపర ముఖం మీద పడుతుంది. నడవాలనుకున్నవాళ్లు ఎగువ జలపాతం నుంచి మధ్య జలపాతానికి దాదాపు అర మైలు గోర్జ్ ట్రయిల్ మీద నడుస్తారు, మిగతావాళ్లు కారులో వచ్చి అక్కడే కలుస్తారు. ఓపిక ఉన్నవాళ్లు లోయర్ ఫాల్స్‌కు వందకు పైగా మెట్లు దిగి, నది మీది చిన్న రాతి వంతెన దాకా వెళ్లి రావొచ్చు.

ఆటిజం ఉన్న పిల్లలు కుటుంబంలో ఉంటే ఇక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది. వాళ్ల కోసమే రూపొందించిన మైలు పొడవు ఆటిజం నేచర్ ట్రయిల్‌ను 2021లో తెరిచారు. శబ్దాలు, జనం ఎక్కువైతే పిల్లలు ఒక పక్కకు వెళ్లి కుదుటపడేందుకు దారిలో చోట్లు పెట్టారు. పిల్లవాడు ఇబ్బంది పడతాడేమోనని ఇలాంటి ప్రయాణాలే మానుకున్న తల్లిదండ్రులు దీన్ని తెలుసుకోవాలి.

నది కాబట్టి వేసవి చివర్లో కూడా నీళ్లుంటాయి. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు ఈ లోయ చూడాల్సిందే, కానీ ఆ వారాంతాల్లో కార్లు బారులు తీరతాయి. లెచ్‌వర్త్‌కు లోటు ఏమిటంటే న్యూజెర్సీ నుంచి అయిదు గంటలకు పైగా డ్రైవ్. వాట్కిన్స్, ఇథాకా అయితే నాలుగు గంటలు. పొద్దున్నే బయల్దేరినా మధ్యాహ్నానికి గానీ చేరరు. అయితే అక్కడి నుంచి నయాగరా గంటన్నర, రెండు గంటలే కాబట్టి, తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే బాగా కుదురుతుంది. పొద్దున నయాగరాలో బయల్దేరి, లెచ్‌వర్త్‌లో భోజనం చేసి, చీకటి పడేసరికి ఇల్లు దగ్గరపడొచ్చు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

అమ్మానాన్నల్లో ఒక్కరికైనా మోకాళ్ల సమస్య ఉంటే టగానక్. అదే ఆగస్టు దాటితే లెచ్‌వర్త్.

ఇద్దరూ గట్టిగా ఉండి రోజూ పొద్దున నడిచే అలవాటుంటే వాట్కిన్స్ గ్లెన్ చూపించాల్సిందే, కానీ మైల్ పాయింట్ దాకానే. రాత్రి వాట్కిన్స్‌లో ఉండి మర్నాడు తొమ్మిదిలోపు బాట ఎక్కితే జనం తక్కువ. అక్కడి నుంచి నయాగరా రెండున్నర గంటల దూరం.

నడవగలవాళ్లు, నడవలేనివాళ్లు సగం సగం ఉన్నారా? చాలా కుటుంబాలు పొరపాటు పడేది ఇక్కడే. యువతరం ఇష్టంతో వాట్కిన్స్‌కు వెళ్లి పెద్దవాళ్లను బెంచీ మీద గంటన్నర కూర్చోబెడతారు. వాట్కిన్స్, ఇథాకాల మధ్య డ్రైవ్ ముప్పావు గంట కూడా ఉండదు. ఒకరోజు ఉంటే రెండూ చేయొచ్చు: పొద్దున యువకులు వాట్కిన్స్, పెద్దవాళ్లు హోటల్లో తీరిగ్గా టిఫిన్, మధ్యాహ్నం అందరూ కలిసి టగానక్.

అయిదేళ్లలోపు పిల్లలుంటే టగానక్ లేదా లెచ్‌వర్త్. పది దాటిన పిల్లలుంటే ట్రీమన్. పిల్లలు లేని జంటలు, స్నేహితుల గుంపులు ట్రీమన్, వాట్కిన్స్ రెండూ ఒకే రోజు నడవొచ్చు.

బయల్దేరే ముందు

చెప్పులు వద్దు. ఈ ఒక్క మాట మీద ఇంట్లో గొడవైనా ఫర్వాలేదు. అడుగు పట్టున్న షూ లేకపోతే వాట్కిన్స్, ట్రీమన్ రెండింటినీ మానుకోండి. అమ్మ చీరలోనే వస్తానంటే టగానక్‌లో ఇబ్బంది లేదు. తడి మెట్ల మీద మాత్రం కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి, ఆ రోజుకు చుడీదార్ మంచిది. జలపాతాల దగ్గర తుంపర, లోయలో చల్లదనం ఉంటాయి కాబట్టి జూలైలో కూడా పలుచటి జాకెట్ ఒకటి ఉంచుకోండి.

కారుకు ప్రవేశ రుసుం సుమారు 10 డాలర్లు. రసీదు పారేయకండి, అదే రోజు ఇంకో పార్కుకు వెళ్తే బూత్‌లో చూపించి అడగండి. ఏడాదిలో చాలాసార్లు వెళ్లేవాళ్లకు ఎంపైర్ పాస్ (న్యూయార్క్ స్టేట్ పార్కుల ప్రవేశ పాస్) లాభం.

లోయల్లో ఫోన్ సిగ్నల్ నమ్మకండి. విడిపోయి నడిచేటప్పుడు ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో ముందే చెప్పుకోండి. ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఇక్కడి సిమ్ లేకపోతే. అంచు మీది అడవి బాటల్లో నడిచాక కాళ్లకు, మెడ వెనక టిక్ అనే రక్తం పీల్చే చిన్న పురుగులు పట్టాయేమో రాత్రికి చూసుకోవాలి. న్యూయార్క్‌లో వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. బీపీ, షుగర్ మందులు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి, బాట మధ్యలో కారు దగ్గరికి పరిగెత్తడం కుదరదు.